ఐదు నెలలు గరాజ్‌లో ఉండే బండిని వారానికోసారి స్టార్ట్ చేయాలా?

ప్రశ్న: మేముండేది మిషిగన్‌లో, డెట్రాయిట్ శివారు నోవైలో. మొన్న జూన్‌లో 2022 మోడల్ రాయల్ ఎన్‌ఫీల్డ్ క్లాసిక్ 350 సెకండ్ హ్యాండ్‌లో కొన్నాను. బండితో ఇది నాకు మొదటి చలికాలం. నవంబర్ నుంచి ఏప్రిల్ దాకా గరాజ్‌లోనే పెట్టాలి. గరాజ్‌లో హీటర్ లేదు, కారు కూడా అందులోనే పెడతాం. వారానికోసారి పది నిమిషాలు స్టార్ట్ చేసి ఉంచమని ఒక స్నేహితుడు, పెట్రోలు మొత్తం తీసేయమని ఇంకొకరు చెబుతున్నారు. ఎవరి మాట వినాలి? ఇంకో సంగతి. తెనాలిలో మా నాన్నగారి 1996 నాటి బుల్లెట్ మెట్ల కింద ఉంది. ఆయనకి డెబ్బై దాటాయి, నడపడం మానేశారు. బండి పాడవకూడదని ప్రతి ఆదివారం కిక్కు కొట్టి పది నిమిషాలు ఇంజన్ ఆన్‌లో ఉంచుతున్నారు. అది సరైన పనేనా?

సమాధానం: ముందు మూడిటికీ సూటిగా చెబుతాను. వారం వారం స్టార్ట్ చేయొద్దు. ట్యాంకు ఖాళీ చేయొద్దు, నిండా నింపి పెట్టండి. తెనాలిలో ఆదివారం కిక్కులు ఆపించండి. ఈ మూడు జవాబుల వెనకా ఉన్న కారణం ఒక్కటే, నీరు. నిలబెట్టిన బండిని చలి పెద్దగా ఏమీ చేయదు. దాన్ని తినేసేది లోపల చేరే చెమ్మ.

ఒక లీటరు పెట్రోలు కాలితే దాదాపు లీటరు నీరు పుడుతుంది. ఇంజన్ బాగా వేడెక్కి రోడ్డు మీద పరిగెడుతున్నప్పుడు ఆ నీరంతా ఆవిరిగా సైలెన్సర్లోంచి బయటికి పోతుంది కాబట్టి మన కంటపడదు. అదే బండిని జనవరిలో గరాజ్‌లో పది నిమిషాలు ఐడిల్‌లో ఉంచితే సైలెన్సర్ లోపలి గోడలు చల్లగానే ఉంటాయి. ఆవిరి అక్కడే నీళ్లుగా మారి అడుగున నిలిచిపోతుంది. మరికొంత పిస్టన్ రింగుల పక్కనుంచి కిందికి దిగి ఇంజన్ ఆయిల్లో కలుస్తుంది. ఆ నీరు ఆయిల్లోంచి ఎగిరిపోవాలంటే ఆయిల్ బాగా వేడెక్కాలి. అందుకు అరగంటైనా రోడ్డు మీద తిరగాలి, నిలబెట్టిన చోట పది నిమిషాలు సరిపోదు. ఇలా ఇరవై వారాలు చేస్తే ఆయిల్ పోసే మూత అడుగున పాలు కలిపిన కాఫీ రంగులో మీగడ లాంటిది పేరుకుంటుంది. సైలెన్సర్ లోపలినుంచి తుప్పు పడుతుంది. పైగా ప్రతిసారీ సెల్ఫ్ కొట్టడానికి బ్యాటరీ నుంచి పోయినంత కరెంటు ఆ పది నిమిషాల ఐడిల్‌లో తిరిగి రాదు. స్నేహితుడు మంచికే చెప్పాడు, కానీ ఆ పనితో బండికి మేలు కన్నా కీడే ఎక్కువ.

కాబట్టి బండిని చలికాలానికి పడుకోబెట్టే పనులన్నీ ఒక శనివారం పొద్దున్న మొదలుపెట్టి మధ్యాహ్నానికల్లా పూర్తిచేసి, ఏప్రిల్ దాకా తాళం చెవి ముట్టుకోకండి. ఏ రోజన్నది ముఖ్యం. మీ ఊళ్లో రోడ్ల మీద ఉప్పు చల్లడం మొదలుకాకముందే ఇది అయిపోవాలి. ఒక్కసారి ఉప్పునీళ్ల మీద తిరిగినా స్పోకుల మూలల్లో, ఇంజన్ మీది ఫిన్నుల (గాలికి చల్లబడే రేకుల) మధ్య ఉప్పు చేరి శీతాకాలమంతా పని చేస్తూనే ఉంటుంది. అక్టోబర్ చివర, మంచు కబురు రాకముందు, పొడిగా ఎండ కాసే రోజు చూసుకోండి.

పనుల వరస కూడా ముఖ్యమే. ముందు బండి కడగాలి, తర్వాత బంకుకి వెళ్లి రావాలి, రాగానే వేడి మీద ఆయిల్ మార్చాలి. ఈ ఒక్క ప్రయాణంతో మూడు పనులు జరుగుతాయి: కడిగిన నీళ్లు సందుల్లోంచి ఆరిపోతాయి, పెట్రోలు పాతబడకుండా బంకులో కలిపే మందు (దాని సంగతి కింద చెబుతాను) ఇంజెక్టర్ దాకా చేరుతుంది, ఆయిల్ పల్చబడి మడ్డితో సహా దిగిపోవడానికి సిద్ధమవుతుంది. ఇంటికొచ్చాక కడిగితే నీళ్లు సందుల్లోనే ఉండిపోతాయి, ఈలోగా ఆయిల్ చల్లారిపోతుంది.

కడిగేటప్పుడు ప్రెషర్ వాషర్‌ని వీల్ బేరింగులకి, హ్యాండిల్ మీది స్విచ్చులకి, సైలెన్సర్ నోటికి దూరంగా ఉంచండి. బకెట్టు, షాంపూ, మెత్తటి గుడ్డ చాలు. దసరాకి వాహన పూజ చేసి ఉంటే ట్యాంకు మీద పసుపు, కుంకుమ బొట్లు, హ్యాండిల్‌కి కట్టిన పూలదండ తడి, చక్రం కింద నలిగిన నిమ్మకాయ రసం చిమ్మిన రిమ్ము, ఈ మూడు చోట్లా ప్రత్యేకంగా తుడవండి. నిమ్మరసం ఆమ్లం. క్రోమ్ మీద ఐదు నెలలు ఎండిపోతే ఆ మచ్చ పాలిష్‌కి కూడా లొంగదు. గుడ్డ వేలికి చుట్టి స్పోకు రిమ్ములోకి దిగే నిపుల్ చుట్టూ ఒక్కొక్కటే తుడవాలి. క్లాసిక్‌లో మొదట తుప్పు కనిపించేది అక్కడే.

ఇప్పుడు పెట్రోలు. అక్కడ గ్యాస్ అంటారు, నేను పెట్రోలు అనే రాస్తాను. మీ బంకుల్లో మామూలుగా దొరికేది పది శాతం ఇథనాల్ కలిసిన ఇ10. ఇథనాల్ గాలిలోని చెమ్మని పీల్చుకుంటుంది. కొంతవరకు నీరు పెట్రోలులోనే కలిసి ఉంటుంది, ఇంజన్లో కాలిపోతుంది, నష్టం లేదు. దాదాపు అర శాతం దాటితే మాత్రం నీరూ ఇథనాలూ కలిసి పెట్రోలు నుంచి విడిపోయి అడుగుకి దిగుతాయి. మీ ట్యాంకు 13 లీటర్లు. అంటే 65 మి.లీ., నాలుగు పెద్ద చెంచాల నీరు చేరితే చాలు. చలి పెరిగేకొద్దీ ఆ హద్దు ఇంకా తగ్గుతుంది. ఫ్యూయల్ పంపు పెట్రోలు పీల్చేది సరిగ్గా ఆ అడుగునుంచే.

ట్యాంకు నిండుగా ఉంచమనడం అందుకే. సగం ట్యాంకులో మిగతా సగం గాలి. పగలు కాస్త వెచ్చబడి రాత్రి చల్లబడినప్పుడల్లా ఆ గాలిలోని చెమ్మ రేకు లోపలి గోడలకి పట్టి కిందికి జారుతుంది. నిండుగా ఉంటే గాలికి చోటుండదు. పూర్తిగా ఖాళీ చేస్తే మీ బండికి రెండు నష్టాలు: స్టీలు ట్యాంకు లోపల తుప్పు పడుతుంది, ట్యాంకులోనే ఉండే పంపు, దాని రబ్బరు సీళ్లు ఎండిపోయి బిగుసుకుంటాయి. పెట్రోలు తీసేయమన్న వారి మాట కార్బొరేటర్ బళ్లకి చెల్లుతుంది, మీదిలాంటి ఇంజెక్షన్ బండికి చెల్లదు.

ఫ్యూయల్ స్టెబిలైజర్ ఒక చిన్న సీసా కొనండి. ఎర్ర రంగు మామూలు స్టా-బిల్ అయితే రెండున్నర గాలన్లకి ఒక ఔన్సు. మీ 13 లీటర్లు దాదాపు మూడున్నర గాలన్లు, అంటే 40 మి.లీ. చాలు. వేరే కంపెనీల మందు గాఢత వేరుగా ఉంటుంది, సీసా మీది కొలతే పాటించండి. బంకులో ముందు మందు పోసి తర్వాత పెట్రోలు పట్టించండి, ధారతో పాటు అదే కలుస్తుంది. నిండిన ట్యాంకు మీద పైనుంచి పోస్తే మెడ దగ్గరే ఉండిపోతుంది. మూత అంచు దాకా నింపొద్దు, మెడ అడుగు అంచు తడిసే దగ్గర ఆపండి. పెట్రోలు వేడికి వ్యాకోచిస్తుంది, దానికి కాస్త చోటు కావాలి. పడవలు నిలిపే రేవుల దగ్గర, కొన్ని బంకుల్లో ఇథనాల్ లేని పెట్రోలు దొరుకుతుంది. దొరికితే ఈ ఒక్క ట్యాంకుకి అది పట్టించండి, ఖరీదు ఎక్కువైనా తగిన ఖర్చే. దానిలోనూ స్టెబిలైజర్ వేయాలి. మందు పాత పెట్రోలుని బాగుచేయదు, కొత్తది పాతబడకుండా ఆపుతుంది. సెప్టెంబర్ నాటి పెట్రోలులో నవంబర్‌లో కలిపితే ఫలితం ఉండదు.

బంకు ఇంటి పక్కనే ఉన్నా తిన్నగా రావద్దు. పావుగంట, ఇరవై నిమిషాలు తిరిగి రండి. మందు కలిసిన పెట్రోలు పంపు, పైపు, ఇంజెక్టర్ మొత్తం నిండాలి. ఇంటికి రాగానే హెల్మెట్ పక్కన పెట్టి ఆయిల్ పని మొదలుపెట్టండి.

"ఆయిల్ ఇంకా బాగానే ఉంది, వసంతంలో మారుస్తాను" అనుకునేవాళ్లు చాలామంది. వాడిన ఆయిల్లో మసి, కాలిన వాయువుల నుంచి వచ్చిన ఆమ్లాలు, కాస్త నీరు ఉంటాయి. రోజూ తిరిగే బండిలో వాటివల్ల పెద్ద ఇబ్బంది లేదు. ఐదు నెలలు కదలకుండా బేరింగుల మీద కూర్చుంటే అవి లోహాన్ని కొరుకుతాయి. అందుకే పాతది దించి కొత్తది పోసి పడుకోబెట్టాలి. మీ బండికి కావలసింది 15డబ్ల్యూ-50 చిక్కదనం, డబ్బా మీద జాసో ఎంఏ2 గుర్తు (ఆయిల్లో మునిగే క్లచ్‌కి పనికొస్తుందని అర్థం) ఉన్నది. సూపర్ మార్కెట్లో కారు ఆయిల్ సగం ధరకే కనిపిస్తుంది, దాని జోలికి పోవద్దు. పల్చటి కారు ఆయిళ్లలో జారుడు కోసం కలిపే మందులుంటాయి. మోటార్‌సైకిల్లో క్లచ్ ప్లేట్లు కూడా అదే ఆయిల్లో మునిగి ఉంటాయి కాబట్టి క్లచ్ జారుతుంది. మైనస్ డిగ్రీల చలికి 50 గ్రేడు చిక్కబడదా అనే అనుమానం రావచ్చు. చిక్కబడుతుంది, కానీ ఆ చలిలో మీరు స్టార్ట్ చేయరు కదా.

డ్రెయిన్ బోల్టు కింద పళ్లెం పెట్టి, బండి నిటారుగా నిలిపి, ధార చుక్కలయ్యేదాకా ఆగండి. వేడి ఆయిల్ చేతిమీద పడకుండా గ్లవ్స్ వేసుకోండి. ఫిల్టర్ మార్చండి, బోల్టుకి కొత్త వాషర్ వేయండి. బోల్టుని మొదట వేళ్లతోనే తిప్పాలి, నాలుగు చుట్లు తేలిగ్గా వెళ్లాకే పానా పట్టాలి. బోల్టు స్టీలు, ఇంజన్ కేసు అల్యూమినియం. మర మీద మర ఎక్కితే పోయేది కేసే. కొత్త ఆయిల్ పోశాక గరాజ్ తలుపు పూర్తిగా తెరిచి ఒకటి రెండు నిమిషాలు ఇంజన్ తిప్పండి. ఇంజన్ ఇంకా వేడిగానే ఉంటుంది కాబట్టి పైన చెప్పిన నీటి భయం ఇప్పుడు లేదు. కొత్త ఆయిల్ అన్ని మూలలకీ చేరడానికే ఈ రెండు నిమిషాలు. ఆపి, ఐదు నిమిషాలు ఆగి, అద్దంలో మట్టం చూడండి. గీతల మధ్య ఉండాలి. దించిన ఆయిల్ని సీసాలో పోసి ఆటో పార్ట్స్ దుకాణంలో ఇస్తే చాలావరకు ఉచితంగానే తీసుకుంటారు.

చైను వేడి మీద ఉన్నప్పుడే తుడిచి లూబ్ వేయండి, లింకుల్లోకి బాగా దిగుతుంది. లింకుల్లో రబ్బరు రింగులుండే ఓ-రింగు చైను కాబట్టి పెట్రోలుతో, ఇనుప బ్రష్‌తో రుద్దొద్దు. చైన్ క్లీనర్ లేదా కిరోసిన్, మెత్తటి బ్రష్ వాడండి. లూబ్ చైను లోపలివైపు, చక్రం చేత్తో తిప్పుతూ వేయండి. ఇంజన్ ఆన్ చేసి గేర్లో చక్రం తిరుగుతుండగా గుడ్డ పెట్టి తుడవడం మాత్రం ఎవరు చూపించినా చేయకండి. వేళ్లు పోతాయి.

సిలిండర్లోకి ఆయిల్ పోయాలా అన్నది అందరూ అడిగే సంగతి. పొడి గరాజ్‌లో ఐదు నెలలకి తప్పనిసరి కాదు. ఆరు నెలలు దాటుతుందనుకుంటేనో, మీ గరాజ్‌లో తేమ మరీ ఎక్కువనిపిస్తేనో చేయండి. ఇంజన్ పూర్తిగా చల్లారాక స్పార్క్ ప్లగ్గు చుట్టూ దుమ్ము ఊది, ప్లగ్గు విప్పి, ఒక టీస్పూను, అంటే 5 మి.లీ. కొత్త ఆయిల్ లోపల పోయండి. దాన్ని సిలిండర్ గోడలకి పూయడానికి సెల్ఫ్ కొట్టొద్దు. సెల్ఫ్ కొడితే ఇంజెక్టర్ పెట్రోలు కూడా చల్లి ఆ పూతని కడిగేస్తుంది, తెరిచిన రంధ్రంలోంచి పెట్రోలు ఆవిరి బయటికొస్తుంది. సెంటర్ స్టాండ్ వేసి, ఐదో గేర్లో పెట్టి, వెనక చక్రాన్ని చేత్తో మెల్లగా నాలుగైదు చుట్లు తిప్పండి, చాలు. ప్లగ్గుని మళ్లీ వేళ్లతో మొదలుపెట్టి బిగించండి.

బ్యాటరీ విషయంలో లెక్క చూడండి. మీ బండిది 12 వోల్టులు, 8 ఆంపియర్-అవర్ సీల్డ్ బ్యాటరీ. తాళం తీసేసినా గడియారం, ఇంజన్ కంప్యూటర్ జ్ఞాపకం కోసం కొద్దిగా కరెంటు లాగుతూనే ఉంటాయి. అది రెండు మిల్లీ ఆంపియర్లే అనుకున్నా 150 రోజులకి 7.2 ఆంపియర్-అవర్. అంటే బ్యాటరీ మొత్తం. దిగిపోయిన బ్యాటరీకి రెండు గండాలు. ప్లేట్ల మీద సల్ఫేటు గట్టిపడి మళ్లీ ఛార్జు పట్టదు. రెండోది గడ్డకట్టడం. నిండా ఛార్జైన బ్యాటరీలో ఆమ్లం చిక్కగా ఉంటుంది, మైనస్ యాభై సెల్సియస్ దాకా గడ్డకట్టదు. దిగిపోయినదానిలో మిగిలేది దాదాపు నీళ్లే, మైనస్ పదికి అటూ ఇటూగా గడ్డకట్టి డబ్బా పగులుతుంది. డెట్రాయిట్ జనవరి రాత్రులకి అది అసాధారణమేమీ కాదు.

అందుకే బ్యాటరీ విప్పి ఇంట్లో పెట్టుకోండి. ముందు నెగటివ్, తర్వాత పాజిటివ్ విప్పాలి. బిగించేటప్పుడు ముందు పాజిటివ్. నెగటివ్ ఫ్రేముకి కలిసి ఉంటుంది. అది తగిలించి ఉండగా పాజిటివ్ విప్పుతున్న పానా ఫ్రేముకి తగిలితే పెద్ద నిప్పురవ్వ వస్తుంది. టెర్మినల్ లోపలి చిన్న నట్టు కిందికి జారి దొరక్కుండా పోవడం అందరికీ అనుభవమే. నట్టు కింద చిన్న స్పాంజి ముక్క కుక్కితే అది రంధ్రానికి ఎదురుగానే నిలుస్తుంది. ఛార్జర్ ఒక ఆంపియర్ లోపుది, నిండగానే తనే తగ్గించుకునే బ్యాటరీ మెయింటెయినర్ కొనండి. ఆటో కట్ లేని చవక ఛార్జర్ని నెలలు వదిలేస్తే బ్యాటరీ లోపల ఉడికిపోతుంది. మెయింటెయినర్ ఎప్పుడూ తగిలించి ఉంచడం కుదరకపోతే నెలకోసారి ఒక రాత్రి పెట్టండి. ఛార్జర్ తీసిన కొన్ని గంటల తర్వాత మీటరుతో చూస్తే 12.8 వోల్టుల దగ్గర ఉండాలి. 12.5 కన్నా దిగితే మళ్లీ ఛార్జు చేయాలి. పాత యజమాని లిథియం బ్యాటరీ వేసి ఉంటే దానికి లిథియం ఛార్జరే వాడాలి, సున్నా డిగ్రీల సెల్సియస్ కింద ఛార్జు చేయకూడదు. సిమెంటు నేల మీద పెడితే బ్యాటరీ దిగిపోతుందన్నది పాతకాలపు నమ్మకం. ఇప్పటి ప్లాస్టిక్ డబ్బాలకి అది వర్తించదు.

టైర్లలో గాలి ప్రతి పది ఫారెన్‌హీట్ డిగ్రీల చలికి దాదాపు ఒక పీఎస్ఐ తగ్గుతుంది. అక్టోబర్‌లో 60 ఉన్నప్పుడు నింపితే జనవరిలో 20కి వచ్చేసరికి నాలుగు పీఎస్ఐ పోయినట్టే. బండి బరువంతా ఐదు నెలలు ఒకేచోట ఆనితే అక్కడ టైరు చదునవుతుంది. మాన్యువల్లో చెప్పిన ప్రెషర్ కన్నా నాలుగైదు ఎక్కువ పెట్టండి, టైరు పక్కన రాసిన గరిష్ఠం మాత్రం దాటొద్దు. సెంటర్ స్టాండ్ వేయండి. ముందు చక్రం కింద ప్లైవుడ్ ముక్క పెట్టి, రెండు వారాలకోసారి చక్రాలని పావు చుట్టు తిప్పండి. చలికాలంలో బండికి మీరు చేయవలసిన పని ఇదొక్కటే.

కారు కూడా అదే గరాజ్‌లో పెడతామని రాశారు. నాకు అన్నిటికన్నా ఆందోళన కలిగించిన వాక్యం అదే. మంచు రోజున సాయంత్రం కారు లోపలికొస్తుంది. చక్రాల గూళ్లలో, బంపర్ కింద అతుక్కున్న మంచు రాత్రికి కరుగుతుంది. అది ఉప్పు కలిసిన బురదనీరు. నేల వాలు ఎటుంటే అటు పారుతుంది, ఆరుతూ గరాజ్ గాలంతా తేమ చేస్తుంది. అందుకే బండి పెట్టే చోటు ముందే చూసుకోండి. ఒక చెంబు నీళ్లు కారు కింద ఒలకబోస్తే ఎటు పారుతాయో తెలుస్తుంది. దానికి ఎగువన, రెండు చక్రాలూ స్టాండూ పట్టేంత ప్లైవుడ్ పరిచి దాని మీద బండి నిలపండి. కారు కింద అంచులున్న గరాజ్ మ్యాట్ వేస్తే ఇంకా మంచిది, ఉప్పునీళ్లు అందులోనే ఆగుతాయి.

కప్పడానికి గాలాడే గుడ్డ కవరు వాడండి. పాత దుప్పటి అయినా ఫరవాలేదు. ప్లాస్టిక్ పట్టా వద్దు. ఫిబ్రవరిలో ఒక్కసారిగా వెచ్చబడిన రోజున చల్లటి లోహం మీద చెమట పడుతుంది. పట్టా కింద అది ఆరే దారే ఉండదు. కప్పే ముందు ట్యాంకుకి, మడ్‌గార్డులకి మైనం పాలిష్, క్రోమ్‌కి, స్పోకులకి, ఫోర్కు గొట్టాలకి డబ్ల్యూడీ-40 లాంటిది గుడ్డకి చల్లుకుని పల్చగా రాయండి. నేరుగా స్ప్రే చేస్తే బ్రేకు డిస్కు మీద పడుతుంది. ఒక్క తుంపర పడినా ప్యాడ్లు పీల్చుకుని, ఏప్రిల్‌లో మొదటి బ్రేకు మీ చేతికి అందదు.

ఎలుకల సంగతి. అక్కడి చిట్టెలుకలకి చలికాలంలో ఎయిర్ ఫిల్టర్ డబ్బా, సీటు కింది స్పాంజి, సైలెన్సర్ మంచి గూళ్లు. సైలెన్సర్ పూర్తిగా చల్లారి, లోపలి తడి ఆరాక నోట్లో గుడ్డ ఉండ కుక్కండి. ఎర్ర రిబ్బను ఒక కొస బయటికి వేలాడనివ్వండి, తాళం చెవికి కూడా "సైలెన్సర్లో గుడ్డ" అని చీటీ కట్టండి. ఇనుప పీచు వద్దు, అదే తుప్పు పట్టి క్రోమ్‌కి మచ్చ వేస్తుంది. కలరా ఉండల మీద ఆధారపడొద్దు. పక్షులకి వేసే గింజల సంచి గరాజ్‌లో ఉంటే తీసేయండి, గోడ వారగా రెండు ఎలుకల బోనులు పెట్టండి. గ్యాస్ వాటర్ హీటర్ లాంటి మంట ఉండే సామాను గరాజ్‌లో ఉంటే నిండు ట్యాంకుతో బండిని దాని పక్కన పెట్టకండి.

బ్రేకు ఆయిల్ మార్చి రెండేళ్లు దాటితే ఇప్పుడే మార్పించండి, అదీ చెమ్మ పీల్చేదే. మీది గాలికి చల్లబడే ఇంజన్ కాబట్టి కూలెంట్ గొడవ లేదు. హిమాలయన్ 450 లాంటి రేడియేటర్ ఉన్న బండి అయితే అందులో సగానికి సగం యాంటీఫ్రీజ్ ఉందో లేదో చూడాలి, ఉత్త నీళ్లయితే గడ్డకట్టి ఇంజన్నే పగలగొడతాయి. ఇన్సూరెన్స్ పూర్తిగా రద్దు చేయకండి. దొంగతనానికి, అగ్నిప్రమాదానికి కవర్ ఉంచి మిగతాది చలికాలం ఆపే వీలుందేమో మీ కంపెనీని అడగండి.

లేపేటప్పుడు తొందర పడొద్దు. ఉగాది రోజున ఎండ చూడగానే బండి తీయాలని మనసు లాగుతుంది. అప్పటికి రోడ్ల మీద ఉప్పు పొడి, మలుపుల్లో ఇసుక అలాగే ఉంటాయి. రెండు గట్టి వానలు పడి రోడ్లు కడిగాక తీయండి. గుడ్డ ఉండ తీయండి, ఎయిర్ ఫిల్టర్ డబ్బా తెరిచి చూడండి. టైర్లలో గాలి మామూలు కొలతకి తేవాలి, ఆయిల్ మట్టం, బ్రేకు పట్టు చూడాలి, బ్యాటరీ బిగించాలి. క్లచ్ పట్టి, గేర్లో పెట్టి బండిని ముందుకీ వెనక్కీ ఊపితే అతుక్కున్న ప్లేట్లు విడిపోతాయి. స్టార్ట్ అయ్యాక రెండు నిమిషాలు రేజ్ చేయకుండా వదిలేయండి. మొదటి మైలు మెల్లగా, బ్రేకు తేలిగ్గా నొక్కుతూ వెళ్తే డిస్కు మీది తుప్పు పొర తుడుచుకుపోతుంది.

ఇక తెనాలి బుల్లెట్. అక్కడ చలి లేదు కానీ, ఏడాదిలో సగం రోజులు గాలే తడిగా ఉంటుంది. నాన్నగారి ఆదివారం పది నిమిషాలతో మీ గరాజ్ ఐడిల్‌తో జరిగేదే జరుగుతుంది. ఎవరైనా నమ్మకమైనవాళ్లు పదిహేను రోజులకోసారి ఇరవై కిలోమీటర్లు నడిపి తెచ్చేటట్లయితే అంతకన్నా మంచిది లేదు. అలాంటివాళ్లు లేకపోతే దాన్నీ పద్ధతిగా పడుకోబెట్టించాలి. ఈ బండికి పెట్రోలు విషయంలో సలహా తిరగబడుతుంది. కార్బొరేటర్ బండి, ట్యాంకులో పంపు లేదు. ఇప్పుడు మన బంకుల్లో వచ్చేది ఇరవై శాతం ఇథనాల్ కలిసిన ఇ20, ఆ బండి తయారైనప్పుడు ఎవరూ ఊహించనిది. అందుకే ట్యాంకు పూర్తిగా దించేసి, ఒక రోజు ఆరబెట్టి, పావు లీటరు ఇంజన్ ఆయిల్ పోసి, ట్యాంకు విప్పి అన్నివైపులా పొర్లించి, మిగిలింది వంపేసి మూత పెట్టమనండి. కార్బొరేటర్ అడుగు గిన్నెలో మిగిలిన పెట్రోలు కూడా స్క్రూ విప్పి దించాలి. లేదంటే ఆవిరై సన్నని జెట్టు రంధ్రంలో జిగురు మిగులుతుంది.

ప్లగ్గు రంధ్రంలోంచి ఒక టీస్పూను ఆయిల్ పోసి, స్విచ్ ఆఫ్‌లోనే ఉంచి, మెల్లగా నాలుగైదు సార్లు కిక్కు తొక్కించండి. ప్లగ్గు బిగించాక మళ్లీ తొక్కి, కిక్కు గట్టిగా ఎదురుతిరిగే చోట వదిలేయమనండి. ఆ చోట రెండు వాల్వులూ మూసి ఉంటాయి కాబట్టి వానాకాలపు చెమ్మ సిలిండర్లోకి పోదు.

ఆ ఇంజన్‌కి ఇంకో స్వభావం ఉంది, చాలామంది మెకానిక్కులు కూడా మరిచిపోయారు. నెలల తరబడి నిలబెడితే ఆయిల్ ట్యాంకులోని ఆయిల్ మెల్లగా ఆయిల్ పంపు గుండా ఇంజన్ అడుగునుండే క్రాంక్ కేసులోకి దిగిపోతుంది. ఆయిల్ మట్టం చూసే పుల్ల తీసి చూస్తే ఆయిల్ లేనట్టు కనిపిస్తుంది. అది చూసి కొత్తది పోస్తే మొత్తం ఎక్కువైపోయి, స్టార్ట్ చేయగానే తెల్లటి పొగ, బ్రీదర్ గొట్టంలోంచి ఆయిల్ చిమ్మడం మొదలవుతాయి. మీరు సెలవులకి వెళ్లి ఆ బండి తీసేటప్పుడు ముందు క్రాంక్ కేసు కింది డ్రెయిన్ బోల్టు విప్పి, దిగిన ఆయిల్ అంతా పళ్లెంలో పట్టి, బోల్టు బిగించాకే ఆయిల్ ట్యాంకు వైపు మట్టం సరిచేయండి. తర్వాత క్లచ్ పట్టుకుని స్విచ్ ఆఫ్‌లోనే పది కిక్కులు తొక్కి, అప్పుడు ఖాళీ ట్యాంకులో కొత్త పెట్రోలు పోసి కాక్ తిప్పండి.